గెలిచిన టెలివిజన్, మిగలని షేరు
(డిజిటల్ టీవీ కంపెనీల షేర్లు, ఆప్షన్ల వ్యాపారం – కొంత చరిత్ర)

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు కోరారు. రాజుల గురించీ కోటల గురించీ చక్కగా రాయగలవారు మన సభ్యులలో ఉండనే ఉన్నారు. అందుచేత నేను మనందరి ముందుగదిలోనూ ఉన్న టెలివిజన్ పెట్టె చరిత్రను ఎంచుకున్నాను. అదైనా పెట్టె లోపలి సంగతి కాదు, ఆ పెట్టెను నమ్ముకుని షేర్లు కొన్నవారి సంగతి. ఉద్యోగ జీవితమంతా అకౌంట్సు సెక్షనులో గడిపినవాడిని గనుక, ఎవరు ఎంత పెట్టారు, చివరికి ఎవరికి ఎంత దక్కింది అన్న లెక్క దగ్గరికే నా చూపు పోతుంది. పాఠకులు మన్నించాలి.

ఈ కథకు ముఖ్య స్థలం అమెరికాలోని చికాగో నగరం. 1918లో ఇద్దరు యువకులు అక్కడ ఒక చిన్న రేడియో వర్క్‌షాపు పెట్టారు. 1923లో అది జెనిత్ రేడియో కంపెనీ అయింది. (తర్వాతి కాలంలో మన బొంబాయిలో వెలసిన జెనిత్ కంప్యూటర్స్‌కూ దీనికీ సంబంధం లేదు.) రేడియోల తర్వాత టెలివిజన్లు చేసి అమెరికాలో ఇంటింటి పేరు సంపాదించుకుంది. ఈనాడు మన ఇళ్ళలో మనవల చేతినుంచి లాక్కోవలసి వస్తున్న రిమోట్‌కు పుట్టిల్లు కూడా ఈ కంపెనీయే. 1955లో యూజీన్ పాలీ అనే ఇంజనీరు టార్చిలైటు వెలుగుతో పనిచేసే రిమోట్‌ను తయారుచేశాడు. కిటికీలోంచి ఎండ పడినా చానల్ మారిపోయేదట! 1956లో రాబర్ట్ ఆడ్లర్ అనే శాస్త్రవేత్త మన చెవికి వినిపించని ధ్వనితరంగాలతో పనిచేసే రిమోట్‌ను తయారుచేసి ఆ చిక్కు తీర్చాడు.

ఇటువంటి కంపెనీ షేరు మంచిదా కాదా అని ఆ రోజుల్లో ఎవరిని అడిగినా ఏం చెప్పి ఉంటారో ఊహించవచ్చు. అయితే కొత్త సాంకేతిక విద్య వేరు, దాన్ని తయారుచేసే కంపెనీ షేరు వేరు అన్న సంగతి అమెరికావారికి అప్పటికే ఒకసారి అనుభవమైంది. 1919లో పుట్టిన ఆర్.సి.ఎ. అనే రేడియో కంపెనీ షేరు 1928 మొదట్లో 85 డాలర్ల దగ్గర ఉండి, అదే ఏడాది చివరికి 400 డాలర్లు దాటింది. అప్పటికి ఆ షేరు ఒక్క పైసా డివిడెండు ఇచ్చి ఎరుగదు. 1929లో ఒక్కొక్క షేరును ఐదుగా విభజించారు. ఆ అక్టోబరులో మార్కెట్ కుప్పకూలాక పడుతూ పడుతూ 1932 నాటికి ఆ విభజించిన షేరు 3 డాలర్ల లోపుకు దిగింది. అలాగని రేడియో విఫలమైందా అంటే లేదు. ప్రతి ఇంటికీ చేరింది. 1939లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో టెలివిజన్‌ను జనానికి చూపించిందీ ఆర్.సి.ఎ. కంపెనీయే. విద్య గెలిచింది. 1929లో కొన్నవారు మాత్రం గెలవలేదు.

ఇక డిజిటల్ టెలివిజన్ విషయానికి వద్దాం. 1980లలో జపాన్ వారు సినిమాతెర అంత స్పష్టంగా కనిపించే టెలివిజన్‌ను సిద్ధంచేశారు. అది పాత అనలాగ్ పద్ధతిలోనే నడిచేది. టీవీ సెట్ల పరిశ్రమ అప్పటికే చాలావరకు జపాన్ చేతికి పోయింది, ఇప్పుడు ఇది కూడానా అని అమెరికా కంగారుపడింది. అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ 1987లో ఒక సలహా సంఘాన్ని నియమించింది. 1990 జూన్‌లో జనరల్ ఇన్‌స్ట్రుమెంట్ అనే కంపెనీ, బొమ్మను పూర్తిగా అంకెలుగా మార్చి, కుదించి, మామూలు చానల్ వెడల్పులోనే పంపగలమని ప్రకటించి అందర్నీ ఆశ్చర్యపరచింది. అంతకుముందు చాలామంది నిపుణులు అది ఆ శతాబ్దంలో అయ్యే పని కాదనుకున్నారు. పోటీపడుతున్న సంస్థలు 1993 మేలో చేతులు కలిపి ఒక కూటమిగా ఏర్పడ్డాయి. అందులో ఏ.టి.అండ్ టి., ఎం.ఐ.టి., ఫిలిప్స్, థామ్సన్, సార్నాఫ్ పరిశోధనాలయం, జనరల్ ఇన్‌స్ట్రుమెంట్‌లతోపాటు మన జెనిత్ కూడా ఉంది.

ఆ కూటమిలో జెనిత్ వంతు చిన్నది కాదు. బొమ్మను కుదించడం ఒక ఎత్తు, కుదించినదాన్ని స్తంభం మీదనుంచి గాలిలో పంపి ఇంటి ఏంటెనాకు చెడకుండా చేర్చడం ఇంకొక ఎత్తు. ఈ రెండో పనికి జెనిత్ ఇంజనీర్లు తయారుచేసిన పద్ధతినే 1994లో పరీక్షలు పెట్టి ఎంపికచేశారు. 1996 డిసెంబరు 24న కమిషన్ ఈ ప్రమాణాన్ని ఆమోదించింది. అంటే ఇకపై అమెరికాలో గాలిలోంచి డిజిటల్ బొమ్మను పట్టే ప్రతి సెట్టులోనూ జెనిత్ విద్య ఉండి తీరాలి. రాయల్టీ కట్టి తీరాలి.

ఇప్పుడు ఆ కంపెనీ ఖాతా పుస్తకం తెరిచి చూద్దాం. 1980ల నడుమ నుంచీ దాదాపు ప్రతి ఏడూ నష్టమే. బాగా నడుస్తున్న కంప్యూటర్ల విభాగాన్ని 1989లో ఫ్రెంచి కంపెనీ బుల్‌కు అమ్మేసింది. టీవీల మీద లాభం పలచబడింది, పరిశోధనకు ఖర్చు పెరిగింది. 1995లో దక్షిణ కొరియాకు చెందిన ఎల్.జి. కంపెనీ షేరుకు 10 డాలర్ల చొప్పున 35 కోట్ల 10 లక్షల డాలర్లు పెట్టి సగానికి పైగా వాటా కొనేసింది. అందులో కొంత పాత వాటాదారుల నుంచి కొన్నది, మిగిలినది కొత్తగా జారీచేయించుకున్నది. ఆ పది డాలర్లకు అమ్మేసినవారు ఇది అన్యాయపు ధర అనుకుని ఉంటారు. డిజిటల్ టీవీ రాబోతుంటే ఎవరైనా పదికి ఇస్తారా అని అట్టేపెట్టుకున్నవారు తెలివైనవారమనుకుని ఉంటారు.

1996 ఆగస్టులో వారి తెలివికి రుజువు కూడా దొరికినట్టే అయింది. కొన్ని పెద్ద టెలిఫోను కంపెనీలూ డిస్నీ సంస్థా కలిసిన అమెరికాస్ట్ అనే కూటమి, జెనిత్ నుంచి 100 కోట్ల డాలర్ల విలువైన డిజిటల్ పెట్టెలు కొంటామని ఒప్పందం చేసుకుంది. షేరు ధర ఎగబాకింది. పత్రికలు రాశాయి. బ్రోకర్లు ఫోన్లు చేశారు. కంపెనీ నష్టాలు మాత్రం ఆగలేదు. 1997 ఒక్క ఏడాదిలోనే నష్టం 30 కోట్ల డాలర్లకు దగ్గరగా వచ్చింది. అప్పు మీద అప్పు, దానికి ఎల్.జి. హామీ, ఆపై ఎల్.జి. సొంత అప్పు. 1999 ఆగస్టులో జెనిత్ దివాలా చట్టం కింద కోర్టుకెక్కింది. అప్పటికే తయారుచేసుకున్న ప్రణాళిక ప్రకారం, ఎల్.జి. తనకు రావలసిన బాకీలో 20 కోట్ల డాలర్లను వాటాగా మార్చుకుని నూటికి నూరుపాళ్ళు యజమాని అయింది. మిగతా వాటాదారుల షేర్లు రద్దయ్యాయి. పరిహారం సున్నా.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. వాటాదారులు ఊరుకోలేదు. ఈ కంపెనీ చేతిలో రేపటి టెలివిజన్ పేటెంటు ఉంది, దాని విలువ మీరు చూపించిన దానికంటే ఎంతో ఎక్కువ, మాకు వాటా రావాలి అని కోర్టులో వాదించారు. న్యాయమూర్తి ఆ లెక్కను అంగీకరించలేదు. 1999 నవంబరులో ప్రణాళిక ఖాయమైంది. పెళ్ళిభోజనాల్లో చివరి బంతిలో కూర్చున్నవాడికి ముందు బంతులవారు తినగా మిగిలితేనే వడ్డన. దివాలా చట్టంలో వాటాదారుడిది ఎప్పుడూ చివరి బంతే. బ్యాంకులూ, జీతగాళ్ళూ, సరుకిచ్చినవారూ లేచాక గాని అతని వంతు రాదు. ఈ సంగతి షేరు కొనేటప్పుడు ఇచ్చే కాగితాల్లో చిన్న అక్షరాలతో రాసే ఉంటుంది.

ఆ తర్వాత ఏమైంది? వాటాదారులు చెప్పిందే నిజమైంది, ఆలస్యంగా. అమెరికాలో తయారయ్యే, దిగుమతయ్యే టీవీ సెట్లలో డిజిటల్ రిసీవరు తప్పనిసరి చేస్తూ 2002లో ఉత్తర్వు వచ్చి, 2007 నాటికి పూర్తిగా అమలైంది. 2009 జూన్ 12న పెద్ద స్టేషన్ల పాత అనలాగ్ ప్రసారాలు ఆగిపోయాయి. సెట్టు సెట్టుకూ రాయల్టీ వచ్చింది. అది ఎల్.జి.కి వెళ్ళింది. పదేళ్ళ ముందు తుడిచిపెట్టుకుపోయినవారికి అందులో ఒక్క సెంటు రాలేదు. జెనిత్ వాటాదారుది తప్పు ఊహ అని ఎవరూ అనలేరు. ఊహ సరైనదే, ఆ ఊహ పండేదాకా బతకని కంపెనీని పట్టుకున్నాడు.

పోనీ బతికిన కంపెనీని పట్టుకుంటే? డిజిటల్ విద్యను మొదట ప్రకటించిన జనరల్ ఇన్‌స్ట్రుమెంట్‌ను 2000 జనవరిలో మోటరోలా కలుపుకుంది. వాటాదారులకు మోటరోలా షేర్లు ఇచ్చారు. రెండు మూడు నెలలు సంతోషంగా గడిచాయి. ఆ వసంతంలోనే సాంకేతిక షేర్ల బుడగ పేలింది.

ఇంతవరకు చెప్పింది షేర్ల సంగతి. షేరుకు కనీసం గడువు లేదు. కంపెనీ బతికి ఉన్నంతకాలం పెట్టెలో పెట్టుకుని కూర్చోవచ్చు. ఇప్పుడు మన పిల్లలు సెల్‌ఫోనులో ఆడుతున్న ఆప్షన్ల వ్యాపారానికి గడువు కూడా ఉంది. అదేమిటో పాతకాలపు మాటలో చెప్తాను. పొలం బేరం కుదిరినప్పుడు మనం బయానా ఇస్తాం. మూడు నెలల్లో మిగతా సొమ్ము కట్టి రిజిస్ట్రేషను చేయించుకోవాలి, లేకపోతే బయానా పోతుంది. ఆప్షను కూడా అలాంటి బయానాయే. కాకపోతే పొలం కొనే ఉద్దేశం ఇరుపక్షాల్లో ఎవరికీ ఉండదు, బయానా కాగితమే చేతులు మారుతూ ఉంటుంది.

ఒక లెక్క వేసుకుందాం. షేరు 10 డాలర్లు ఉంది. మూడు నెలల్లోగా 12 డాలర్లకు కొనే హక్కుకు షేరుకు అర డాలరు బయానా. 100 షేర్లకు 50 డాలర్లు. గడువునాటికి షేరు 15 అయితే మూడేసి డాలర్ల చొప్పున 300 వస్తాయి, బయానా పోను 250 లాభం. ఐదింతలు! అందరి కళ్ళూ ఇక్కడే ఆగిపోతాయి. షేరు 12 దగ్గరే ఆగిపోతే? ధర 10 నుంచి 12కు పెరిగింది, అంటే ఊహ సరైనదే, అయినా 50 డాలర్లూ పోతాయి. 12 డాలర్ల 30 సెంట్లు అయినా 30 డాలర్లు వచ్చి 20 నష్టం. గడువు మర్నాడు షేరు 20కి వెళ్ళినా అతనికి సంబంధం లేదు. ధర పడుతుందని ఊహించేవారికి అమ్మే హక్కు ఉంటుంది, దాన్ని పుట్ అంటారు. బయానా పుచ్చుకునే వైపు కూర్చునేవారికి వచ్చేది ఆ కొద్దిపాటి సొమ్మే, పోయేది మాత్రం దానికి ఎన్నో రెట్లు ఉండవచ్చు.

జెనిత్ షేరు మీద ఇలాంటి బేరం చేసినవారిని ఊహించుకోండి. డిజిటల్ టీవీ వస్తుందని 1990లో మూడు నెలల హక్కు కొన్నవాడు షేరు రద్దయ్యే 1999 దాకా ప్రతి మూడు నెలలకూ బయానా కడుతూ పోవాలి. అంతకంటే చిత్రం, ఈ కంపెనీ మునుగుతుందని 1996 వేసవిలో పుట్ కొన్నవాడి గతి. అతను జరగబోయేది అక్షరాలా చూశాడు. కానీ ఆగస్టులో ఆ 100 కోట్ల ఒప్పందం వార్త వచ్చింది, షేరు లేచింది, గడువు ముగిసింది. కంపెనీ మునగడం 1999లో జరిగింది.

ఈ బయానా వ్యాపారం కొత్తది కాదు. 1688లో జోసెఫ్ డి లా వేగా అనే ఆయన ఆంస్టర్‌డాం షేరు బజారు గురించి రాసిన పుస్తకంలోనే దీని ప్రస్తావన ఉంది. అయితే దీనికి ఒక పద్ధతి ఏర్పడింది మాత్రం జెనిత్ పుట్టిన చికాగోలోనే. 1973 ఏప్రిల్ 26న అక్కడ ఆప్షన్ల ఎక్స్‌ఛేంజి 16 కంపెనీల షేర్లతో మొదలైంది. మొదటిరోజు నడిచిన కాంట్రాక్టులు 911. అదే ఏడాది ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ అనే ఇద్దరు పండితులు బయానా ఎంత ఉండాలో లెక్కగట్టే సూత్రం ప్రచురించారు. షోల్స్‌కూ, అదే లెక్కను విస్తరించిన రాబర్ట్ మెర్టన్‌కూ 1997లో నోబెల్ బహుమతి వచ్చింది. బ్లాక్ అంతకు రెండేళ్ళ ముందే కన్నుమూశారు. బహుమతి పుచ్చుకున్న ఆ ఇద్దరూ భాగస్వాములుగా ఉన్న పెట్టుబడి సంస్థ మరుసటి ఏడాదే, 1998లో, కూలిపోయే స్థితికి వస్తే పెద్ద బ్యాంకులు కలిసి నిలబెట్టవలసి వచ్చింది. సూత్రం కనిపెట్టినవారి ఇంట్లోనే ఇలా ఉంది.

మన దేశంలో బొంబాయి వర్తకులు తేజీ, మందీ పేర్లతో ఈ బేరాలు ఎప్పటినుంచో ఆడేవారు. 1956 నాటి సెక్యూరిటీల చట్టం 20వ సెక్షను వీటిని నిషేధించింది. 1995లో ఆ నిషేధం తొలగింది. 2000 జూన్‌లో సూచీ ఫ్యూచర్లు, 2001 జూన్‌లో సూచీ ఆప్షన్లు, ఆ జులైలో విడి కంపెనీల షేర్ల మీద ఆప్షన్లు వచ్చాయి. బద్లా అనే పాత వాయిదా పద్ధతిని అదే జులైలో మూసేశారు. దానికి ముందు మార్చిలో కేతన్ పారెఖ్ వ్యవహారం బయటపడింది. ఆయన ఎగదోసిన షేర్లలో జీ టెలిఫిల్మ్స్ ఒకటి, మన హైదరాబాదు సత్యం ఒకటి. 1943లో స్థాపించిన మన హైదరాబాదు స్టాక్ ఎక్స్‌ఛేంజి మాత్రం ఈ కొత్త కాలంలో నిలదొక్కుకోలేక 2007లో గుర్తింపు పోగొట్టుకుంది.

ఆ తర్వాత వారం వారం గడువు తీరే ఆప్షన్లు వచ్చాయి. మూడు నెలల బయానాయే ప్రమాదమనుకుంటే, ఇది గురువారం దాకానో మంగళవారం దాకానో ఉండే బయానా. సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2021–22 నుంచి 2023–24 వరకు మూడేళ్ళలో ఫ్యూచర్లు, ఆప్షన్లలో దిగిన కోటిమందికి పైగా వ్యక్తులలో నూటికి 93 మందికి నష్టమే వచ్చింది. మొత్తం నష్టం లక్షా 80 వేల కోట్ల రూపాయల పైన. ఖర్చులతో కలిపి సగటున మనిషికి సుమారు 2 లక్షలు. 2023–24లో ఈ వ్యాపారంలో ఉన్నవారిలో 43 శాతం మంది 30 ఏళ్ళలోపువారు. 75 శాతానికి పైగా తమ వార్షికాదాయం 5 లక్షలలోపేనని చెప్పినవారు. అదే ఏడాది సొంత సొమ్ముతో వ్యాపారం చేసే సంస్థలకు 33 వేల కోట్లు, విదేశీ సంస్థలకు 28 వేల కోట్లు, ఖర్చులు తీయకముందు, లాభం వచ్చింది. అందులో అధికభాగం కంప్యూటర్లు తమంతట తామే చేసే బేరాల ద్వారా వచ్చిందే. సెబీ 2024 అక్టోబరులో నిబంధనలు బిగించింది. కాంట్రాక్టు కనీస విలువను 15 లక్షలకు పెంచింది, వారపు గడువులను ఎక్స్‌ఛేంజికి ఒక్క సూచీకే పరిమితం చేసింది. అయినా 2024–25లో కూడా నూటికి 91 మంది నష్టపోయారు, మొత్తం లక్షా 5 వేల కోట్ల పైచిలుకు.

ఆ 5 లక్షల లోపువారి ఇళ్ళలో పెట్టుబడి ఎక్కడినుంచి వస్తుందో మనలో చాలామందికి తెలుసు. కమ్యుటేషను సొమ్ము, గ్రాట్యుటీ, పోస్టాఫీసు డిపాజిట్టు. "తాతయ్యా, రెండు నెలల్లో ఇచ్చేస్తాను" అన్న మాట వినని పింఛనుదారు మన సంఘంలో తక్కువమందే ఉంటారు. ఆ కుర్రవాడు అబద్ధమాడుతున్నాడని నేననను. జెనిత్ వాటాదారుడిలాగే అతను కూడా ఎక్కడో ఒక నిజాన్ని చూసే ఉంటాడు.

మన దేశపు డిజిటల్ టీవీ షేర్ల గురించి కూడా రెండు మాటలు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ చూపించినప్పుడు అందులో మన రాష్ట్రమూ ఉంది. ఆ గ్రామాలలో పెట్టిన సెట్లు హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్.లో తయారైనవే. అది ప్రభుత్వ సంస్థ గనుక షేరు గొడవ లేదు. 2003లో డిష్ టీవీ ఇంటి పైకప్పుల మీదికి గిన్నెలు తెచ్చింది. 2013 మార్చి ఆఖరు గడువుగా హైదరాబాదు, విశాఖపట్నాలతో సహా 38 నగరాల్లో కేబుల్‌కు సెట్‌టాప్ పెట్టె తప్పనిసరి అయింది. పెట్టె ప్రతి ఇంటికీ వచ్చింది. 2007లో మార్కెట్లోకొచ్చిన డిష్ టీవీ షేరు మాత్రం ఏళ్ళు గడిచాక నాటి ధరకు ఎంతో దిగువన ఉండిపోయింది. టీవీలూ చేసి, డి.టి.హెచ్. సర్వీసూ నడిపిన వీడియోకాన్ 2018లో దివాలా చట్టం కిందికి వెళ్ళింది. 2021లో ట్రిబ్యునల్ ఆమోదించిన ప్రణాళికలో వాటాదారులకు రాసింది సున్నా. 2022 జనవరిలో అప్పీలు ట్రిబ్యునల్ ఆ ప్రణాళికను కొట్టివేసినా, చివరి బంతి చివరి బంతే.

చివరిగా ఒక వినియోగపడే సంగతి. 1980, 90లలో కొన్న టీవీ కంపెనీల షేరు కాగితాలు మన ట్రంకుపెట్టెల్లో ఇంకా ఉండవచ్చు. కంపెనీ నడుస్తున్నదైతే అవి చెత్తకాగితాలు కావు. అయితే 2019 ఏప్రిల్ నుంచి కాగితపు షేర్లను ఆ రూపంలో ఇతరులకు అమ్మి బదిలీ చేయడం ఆపేశారు, ముందు డీమ్యాట్ చేయించుకోవాలి. ఏడేళ్ళు వరుసగా డివిడెండు తీసుకోకపోతే ఆ షేర్లను కేంద్ర ప్రభుత్వపు ఇన్వెస్టర్ ఎడ్యుకేషన్ అండ్ ప్రొటెక్షన్ ఫండ్‌కు బదిలీ చేస్తారు. అక్కడినుంచి తిరిగి రాబట్టుకోవడానికి ఐ.ఇ.పి.ఎఫ్.–5 అనే ఫారం ఉంది. అసలు యజమాని లేకపోయినా వారసులు తగిన కాగితాలతో దరఖాస్తు చేసుకోవచ్చు. ముందుగా కంపెనీకి గాని, దాని రిజిస్ట్రారుకు గాని ఫోలియో నంబరు, పాత చిరునామా రాసి ఉత్తరం పెట్టి, షేర్లు ఎక్కడున్నాయో తెలుసుకోవాలి. ఫోలియో నంబరు షేరు కాగితం మీదే ఉంటుంది.